కిష్కింధ కోసమైతే బస ఆనెగొంది వైపే

హంపి యాత్ర అంటే విరూపాక్షాలయం, రాతిరథం చూసుకుని చీకటి పడేలోగా హోసపేట చేరిపోవడమే చాలామందికి. విజయనగరం చూడటానికి ఆ పద్ధతి కొంతవరకు సరే. వాలి సుగ్రీవులు ఏలిన కిష్కింధ కోసం వెళ్తే మాత్రం తుంగభద్ర దాటి, ఉత్తర గట్టున ఆనెగొందిలో దిగాలి.

హోసపేటలో హోటళ్లకు కొదవలేదు, రైలు స్టేషనూ అక్కడే. కానీ హంపికే 13 కి.మీ., ఆనెగొంది దగ్గరి అంజనాద్రి కొండకు ఇంకా చుట్టు. ఆనెగొంది హోమ్‌స్టేల్లో సదుపాయాలు తక్కువే అయినా తెల్లవారకముందే కొండ దగ్గరుండొచ్చు. ఏటి మధ్య దీవి విరూపాపుర గడ్డిలోని రిసార్టుల గురించి పాత రాతలు నమ్మొద్దు, 2020లో వాటిని కూల్చేశారు.

అసలు చిక్కు ఏటితోనే. పడవలు పగలే తిరుగుతాయి. వానాకాలంలో డ్యాం గేట్లు ఎత్తితే పడవలూ పుట్లూ ఆపేస్తారు. అప్పుడు వంతెన మీదుగా రోడ్డున చుట్టి రావాలి. అందుకే ఉదయం దాటేటప్పుడే ఆఖరి పడవ ఎన్నింటికో రేవులో అడగాలి.

అంజనాద్రికి 575 మెట్లు. నీడ తక్కువ, కొన్నిచోట్ల బండల కింద వంగి నడవాలి. చేతిలో సంచి కనబడితే కోతులు లాగేస్తాయి. హనుమంతుడు పుట్టింది ఇక్కడేనని ఈ ప్రాంతం వారి నమ్మకం. తిరుమలలోని అంజనాద్రే జన్మస్థలమని 2021లో టీటీడీ ప్రకటించాక వాదన ముదిరింది.

ఈ బండల గుట్టల్ని ఎవరూ తెచ్చి పేర్చలేదు. గ్రానైటు పగుళ్లలోకి నీరు దిగి, అంచులు అరిగి, ఉన్నచోటే గుండ్రాళ్లయ్యాయి. వాలి సుగ్రీవులు పోట్లాటలో విసురుకున్న రాళ్లని జనం చెప్పుకుంటారు. నేల తీరునే కథగా మలిచిన చోటు ఇది.

దానికి గట్టి ఉదాహరణ విఠలాలయానికి తూర్పున నింబాపురం బూడిద దిబ్బ. వాలిని దహనం చేసింది అక్కడేనంటారు. బళ్లారి ప్రాంతంలో ఇలాంటి బూడిద దిబ్బలు ఇంకా ఉన్నాయి. నవీన శిలాయుగపు పశుపాలకులు పేడకుప్పలు కాల్చగా మిగిలినవని పురావస్తు తవ్వకాలు తేల్చాయి. చూడ్డానికి ఏమీ లేదని గైడ్లు దాటేసే ఈ దిబ్బను నేనైతే వదలొద్దంటాను.

మతంగ ముని శాపం వల్ల వాలి ఋశ్యమూకం వైపు రాలేడు, సుగ్రీవుడు అక్కడ తలదాచుకున్నది అందుకే. ఈ సంగతి గుర్తుంచుకుని హంపి వైపున్న మతంగ పర్వతం ఎక్కితే ఏరు, ఆవలి కొండలు, కథలోని దారులు ఒక్కచూపులో అర్థమవుతాయి. సూర్యోదయానికి వెళ్లేవాళ్లు టార్చి తీసుకుని, తోడుతో ఎక్కాలి. చివరి మెట్లు అరిగి జారుతాయి. సమయం మిగిలితే కమలాపురం దాటాక మాల్యవంతం కొండ మీది గుడి: అక్కడ పెద్ద బండనే గర్భగుడిలో కలుపుకుని, దాని నెత్తిన శిఖరం కట్టారు. ఆనెగొంది వైపున్న పంపా సరోవరం చూడటానికి అరగంట చాలు.