జాగ్రత్త: తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టే స్పీచ్ థెరపీ ప్యాకేజీలు

పిల్లలకు మాటలు ఆలస్యమై స్పీచ్ థెరపీ కోసం తిరుగుతున్న అమ్మానాన్నల కోసం ఈ పోస్ట్. నెలల డబ్బు ముందే కట్టించుకుని, సెషన్ జరుగుతున్నంతసేపూ మిమ్మల్ని బయట కూర్చోబెట్టి తలుపు వేసుకునే చోట డబ్బు కట్టకండి. సెంటర్ పేరు రాయడం లేదు, దయచేసి మెసేజ్ పెట్టి అడగొద్దు. ఇదే పద్ధతి రకరకాల బోర్డుల కింద నడుస్తోంది కాబట్టి పేరు కన్నా పద్ధతిని గుర్తుపట్టడం ముఖ్యం.

రెండేళ్లు నిండినా మా బాబుకి నాలుగైదు విడి మాటలే ఉండేవి. ఆ వయసుకి చాలామంది పిల్లలు "అమ్మా రా", "బండి పోయింది" అంటూ రెండేసి మాటలు కలుపుతారు. మొదటి రోజు సెంటర్‌లో ఒక ఫారం నింపించారు, వాణ్ని కాసేపు చూశారు, "మైల్డ్ ఆటిజం లక్షణాలున్నాయి, ఇప్పుడు మొదలుపెట్టకపోతే చేయి దాటిపోతుంది" అన్నారు. ఆ మాట విన్నాక ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. సరిగ్గా అప్పుడే ప్యాకేజీ కాగితం టేబుల్ మీదకొచ్చింది. ఈరోజే కడితే డిస్కౌంటట. ఆటిజం ఉందో లేదో అలా నిలబడ్డపాటున చెప్పేది కాదు. అనుభవమున్న నిపుణులు ఇంట్లోవాళ్లని వివరంగా అడిగి, పిల్లాణ్ని ఆటలో గమనించి తేల్చాల్సిన సంగతి.

అంతకన్నా పెద్ద తప్పు, వినికిడి పరీక్ష చేయించారా అని ఒక్కరూ అడగలేదు. మాటలు రాని పిల్లల విషయంలో మొట్టమొదట చూడాల్సింది చెవులే. పుట్టినప్పుడు చేసిన స్క్రీనింగ్ పాసైనా సరిపోదు, తర్వాత కూడా వినికిడి తగ్గొచ్చు. చప్పట్లు కొడితే తిరిగి చూస్తున్నాడు కదా అనుకుంటాం. కానీ చప్పుడు వినపడటం వేరు, "స", "ఫ" లాంటి సన్నటి శబ్దాలు తేడా తెలిసేలా వినపడటం వేరు. తర్వాత వేరే చోట పరీక్ష చేయిస్తే మావాడికి రెండు కర్ణభేరుల వెనకా ద్రవం చేరిందని తేలింది. చిన్నపిల్లల్లో ఇది మామూలే, చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది కూడా. తగ్గకుండా ఉండిపోతే మాత్రం దూది పెట్టుకుని విన్నట్టే ఉంటుంది. వాడి సమస్యంతా అదేనని నేననను. కానీ అది తెలియకుండా నెలల తరబడి థెరపీ ఎలా నడిపారన్నదే నా ప్రశ్న.

ఇక తలుపు సంగతి. "మిమ్మల్ని చూస్తే ఏడుస్తాడు, సహకరించడు" అనేవారు. కొందరు పిల్లల విషయంలో అది నిజం కావచ్చు. అలాంటప్పుడు అద్దంలోంచి చూడనిస్తారు, లేదా చివర్లో లోపలికి పిలిచి ఏం చేశారో చేసి చూపిస్తారు. ఇక్కడ రెండూ లేవు. ఒకరోజు వాటర్ బాటిల్ ఇవ్వడానికి లోపలికి వెళ్తే, బాబు కుర్చీలో కూర్చుని ట్యాబ్‌లో బొమ్మల పాటలు చూస్తున్నాడు. ట్రైనీ అమ్మాయి ఒక చేత్తో వాడి బుగ్గల మీద వైబ్రేటర్ బ్రష్ తిప్పుతూ, రెండో చేత్తో ఫైలు రాసుకుంటోంది. మొదటి రోజు మాతో మాట్లాడిన అసలు థెరపిస్టు ఆ తర్వాత మళ్లీ కనపడలేదు.

అడిగితే "నోటి కండరాలు బలహీనంగా ఉన్నాయి" అన్నారు. విజిల్ ఊదించడం, బుడగలు ఊదించడం, నాలుకకి మసాజ్ చేయడం అన్నీ ఆ లెక్కలోవే. మాట్లాడేటప్పుడు నాలుక చేసే పని వేరు, ఊదేటప్పుడు జరిగే పని వేరు. ఇలాంటి కసరత్తుల వల్ల మాట మెరుగుపడుతుందని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2009లో అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. బుడగలతో ఆడుకుంటూ "ఇంకా" అనిపించడానికి ప్రయత్నిస్తే అది థెరపీ. ఊదడమే థెరపీ అంటే మాత్రం అనుమానించండి.

తనకి కావాల్సింది బొమ్మల కార్డులు చూపించి అడగడం వాడికి నేర్పమంటే, "అలవాటైతే ఇక మాట్లాడడు" అని భయపెట్టారు. ఇదీ తప్పే. 2006లో వచ్చిన ఒక పరిశోధనల సమీక్షలో, గట్టి ఆధారాలున్న 27 మంది కేసులు చూస్తే, ఇలాంటి సాధనాల వల్ల ఒక్కరికీ మాట తగ్గలేదు, ఎక్కువమందికి పెరిగింది. ఇంట్లో రెండు భాషలుంటే ఒకటి మానేయమన్నారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు.

రిపోర్టు గురించి చెప్పకపోతే అన్యాయం. ప్రతి నెలా అవే వాక్యాలు, తేదీ మాత్రమే మారేది. ఒక నెల మా అబ్బాయి కాస్తా అమ్మాయైపోయాడు! "ఆమె ఐ కాంటాక్ట్ మెరుగుపడింది" అని సంతకం పెట్టి మరీ ఇచ్చారు. మానేస్తామంటే రసీదు వెనక సన్నక్షరాలు చూపించారు, రీఫండ్ లేదట.

ఇప్పుడు మేం వెళ్తున్న వేరే థెరపిస్టు ఆవిడ మొదటి రోజే వినికిడి పరీక్ష రిపోర్టు తెమ్మన్నారు. నేల మీద కూర్చుని వాలుగా పెట్టిన పలక మీద బొమ్మ కారు పట్టుకుని "ఒకటి... రెండు..." అని ఆగిపోయారు. వాడు కారు వైపు చూశాడు, ఆవిడ మొహం వైపు చూశాడు, కాసేపటికి "ప్పో" అన్నాడు. కారు వదిలారు. తర్వాత నన్ను చేయమన్నారు. "మీరు ఆగట్లేదు, వాడి మాట కూడా మీరే అనేస్తున్నారు" అని అక్కడికక్కడే సరిదిద్దారు. వాడు వారంలో థెరపిస్టు దగ్గర ఉండేది కొద్దిసేపే, మిగతా టైమంతా మనతోనే. స్నానం చేయించేటప్పుడు, బట్టలేసేటప్పుడు అదే పని మనం చేయడం వస్తేనే కట్టిన ఫీజుకి ఫలితం.

కాబట్టి డబ్బు కట్టే ముందు అడగండి: సెషన్ చేసేది ఎవరు, వాళ్ల చదువేంటి, నేను లోపల కూర్చోవచ్చా, రాబోయే కొన్ని వారాల్లో సాధించాల్సినవి రాసిస్తారా. "ఇన్ని నెలల్లో మాటలు గ్యారంటీ" అంటే లేచి వచ్చేయండి, ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ఇది చదివి థెరపీనే వాయిదా వేయకండి, "మగపిల్లలకి మాటలు లేటుగానే వస్తాయిలే" అన్న సలహాలూ వినకండి. ముఖ్యంగా వచ్చిన మాటలు పోతున్నాయంటే ఏ వయసైనా సరే, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్లు అసెస్‌మెంట్ రిపోర్టు, సెషన్ నోట్స్ కాపీలు ఇవ్వమని ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా అడగండి. రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు.