పురుగు బొమ్మకు ఏ నంబరు పెన్ను? పిగ్మా మైక్రాన్ సమీక్ష

బెంగళూరు ల్యాబుల్లో పురుగులనో మొక్కలనో పరిశీలిస్తూ, వాటి బొమ్మలు కూడా తామే వేసుకునే తెలుగువాళ్ల కోసం, పిగ్మా మైక్రాన్ అనే సన్న మొన ఇంకు పెన్ను మీద ఈ సమీక్ష. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసులో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ తన మొక్కల బొమ్మలను రంగయ్య, గోవిందుల చేత వేయించుకున్నాడు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు. ఇప్పుడు మైక్రోస్కోపులో చూసేదీ మనమే, గీసేదీ మనమే. పెన్ను సంగతీ మనమే తేల్చుకోవాలి.

ముందు పెన్ను మీద ఉండే నంబర్లు. 01 అంటే 0.1 మి.మీ. అనుకుని కొనేస్తారు. కాదు. 003 గీత 0.15 మి.మీ., 005 0.20, 01 0.25, 03 0.35, 05 0.45. సన్నగా ఉంటుంది కదా అని అందరూ 003 మీద పడతారు, అక్కడే దెబ్బతింటారు. జర్నల్లో ఒక కాలమ్ వెడల్పు సుమారు 8 సెం.మీ. బొమ్మను 16 సెం.మీ.లో వేసి సగానికి తగ్గిస్తే 003 గీత 0.075 మి.మీ.కి దిగిపోతుంది. అచ్చు కొలతలో పావు పాయింటు, అంటే దాదాపు 0.09 మి.మీ. కంటే సన్నని గీత వద్దని చాలా జర్నళ్లు అంటాయి. మిడత మీసం అచ్చులో మధ్యలోనే తెగిపోయి కనిపిస్తుంది. 005 సగమైనా 0.10 దగ్గర నిలుస్తుంది. మా లెక్కలో అసలు పని పెన్ను 01.

వరస ఇది: ట్రేసింగ్ పేపరు మీద 2హెచ్ పెన్సిలుతో బొమ్మ, పక్కనే స్కేల్ బార్, అంటే అసలు కొలత చూపే చిన్న గీత. దాని బదులు "పది రెట్లు" అని రాస్తే, బొమ్మను తగ్గించాక అది అబద్ధమవుతుంది. నున్నటి బ్రిస్టల్ షీటు (బొమ్మలు వేసే మందపాటి కాగితం) మీదకు ఎక్కించి, బయటి గీత 03తో, లోపలి గీతలు 01తో వేయాలి. వెలుగు ఎడమవైపు పైనుంచి పడుతున్నట్టు అనుకుని, నీడ ఉన్నచోట 01 చుక్కలు, వెలుగు అంచుకు వచ్చేసరికి 005 చుక్కలు. పెన్ను నిట్టనిలువుగా దించి ఎత్తాలి. వాల్చి పెడితే ప్రతి చుక్కకూ తోకకప్పలా చిన్న తోక వస్తుంది. పెంకుపురుగు రెక్కడిప్ప మీద అలాంటి తోకలు పది పడితే చాలు, చూసేవాళ్లు వాటిని వెంట్రుకలనుకుంటారు. అది ఆ పురుగు వర్ణనలోనే తప్పు.

సిరా పిగ్మెంటుది, అంటే రంగు పొడితో చేసింది. ఆరాక నీళ్లు పడినా చెదరదు, వెలిసిపోదు. ఈ రెండు గుణాలకే దీన్ని కొనొచ్చు. కానీ పెన్సిలు గీతల మీద రబ్బరు రుద్దితే నలుపు కాస్త పాలిపోతుంది. మెత్తటి పుట్టీ రబ్బరుతో అద్ది తీయడం మేలు. డ్రాఫ్టింగ్ ఫిల్ము (గీసుకునే ప్లాస్టిక్ షీటు) మీద ఆరడానికి చాలాసేపు పడుతుంది, అరచేయి తగిలితే బొమ్మంతా మసే. బెంగళూరు వానాకాలంలో కాగితానికి చెమ్మ పడితే చుక్క అంచులు విచ్చుకుంటాయి. షీట్లను సిలికా జెల్ పొట్లాలతో కవర్లో పెట్టి దాచండి.

ప్లాస్టిక్ నిబ్బు అసలు బలహీనత. గట్టిగా నొక్కితే మొన పుట్టగొడుగులా చిట్లుతుంది, 005 చుక్క 01 చుక్క అయిపోతుంది. ఇంకు నింపుకునే వీలు లేదు, అయిపోతే పారేయాలి. రోజూ గీసేవాళ్లకు నింపుకునే టెక్నికల్ పెన్నే లాభం. కాకపోతే దాన్ని బోరు నీళ్లతో కడగొద్దు, సున్నం పేరుకుని మొనలోని సన్నని గొట్టం మూసుకుపోతుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి.

స్కానింగ్ 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) చేయించండి, తగ్గించడం ఆ తర్వాతే.

మొత్తం సెట్టు అక్కర్లేదు. విడిగా 005 ఒకటి, 03 ఒకటి, 01 రెండు తీసుకోండి: ఒకటి గీతలకు, ఒకటి చుక్కలకు మాత్రమే. షాపులో అందరూ గీసి చూసే పెన్ను కాకుండా సీలు తీయనిది అడగండి.