డెసిడిమ్: అర్జీకి జవాబు చెప్పే వేదిక

బార్సిలోనా నగరపాలక సంస్థ పౌరుల కోసం నడుపుతున్న డెసిడిమ్ అనే వెబ్‌సైటును కొన్ని వారాలుగా పరిశీలిస్తున్నాను. కతలాన్ భాషలో ఆ మాటకు ‘మనం నిర్ణయిస్తాం’ అని అర్థం. ప్రజా బడ్జెట్‌లో, అంటే నగర నిధుల్లో కొంత భాగంతో ఏ పనులు చేయాలో ప్రజలే ఎంచుకునే ప్రక్రియలో, ఓటు నగర నివాసిగా నమోదైనవారికే కనుక నాకు ఆ అవకాశం లేదు. అయితే ప్రతిపాదనలు, వాటి మీద సాగిన వాదోపవాదాలు, అధికారుల జవాబులు చదవడానికి ఖాతా కూడా అక్కర్లేదు. కాబట్టి ఇది పాఠకుడిగా నా అనుభవం మాత్రమే.

2011 మే 15న స్పెయిన్ కూడళ్లలో మొదలైన నిరసన ఉద్యమపు ఊపుతో ఎదిగిన కొత్త రాజకీయ కూటములు 2015లో మాడ్రిడ్, బార్సిలోనా నగరాల పాలన చేపట్టాయి. ఇలాంటి వేదిక కోసం మాడ్రిడ్ కాన్సుల్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసుకుంది. బార్సిలోనా 2016 ఫిబ్రవరిలో దానినే మార్చి వాడుకుని, తన అవసరాలకు అది చాలదని తేలాక డెసిడిమ్‌ను కొత్తగా రాయించుకుంది. తొలి పరీక్షగా నిలిచిన నగర కార్యాచరణ ప్రణాళికలో దాదాపు 40 వేల మంది పాల్గొనగా, 10 వేలకు పైగా ప్రతిపాదనలు వచ్చాయి, 400కు పైగా సమావేశాలు జరిగాయి. వీటిలో నేను ఎక్కువ విలువనిచ్చేది సమావేశాల అంకెకే. ఎందుకంటే కంప్యూటరు ముట్టని మనిషి పేటసభలో నోటితో చెప్పిన మాట కూడా ఆ సైటులో ప్రతిపాదనగా నమోదు కావడానికి దారి ఉంది.

దీని అసలు బలం ఓట్ల లెక్కింపులో లేదు. ప్రతి ప్రతిపాదనకూ సొంత పేజీ ఉంటుంది. వ్యాఖ్యలలో దానిని ఎవరు సమర్థించారో, ఎవరు వ్యతిరేకించారో, మాటలు ఎప్పుడు మారాయో, చివరకు నగరపాలక సంస్థ ఆమోదించిందో తిరస్కరించిందో, ఏ కారణంతోనో అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఆమోదం పొందిన పని ఎంత శాతం పూర్తయిందో చూపే ఏర్పాటు కూడా ఉంది. మురుగుకాలువ గురించి అర్జీ పెట్టి, రసీదు నంబరు భద్రంగా దాచుకుని, చివరకు ‘పరిష్కరించబడింది’ అన్న సందేశం ఫోనులో చూసుకుంటూ అదే కాలువ దాటిన అనుభవం నాకుంది కనుక, కారణం రాసి మరీ తిరస్కరించడం నాకు గౌరవంగానే తోచింది.

లోపాలు లేకపోలేదు. ప్రక్రియలు, సభలు, పౌర ప్రతిపాదనలు అంటూ ఉన్న విభాగాలలో కొత్తవారు దారి తప్పుతారు. నాకు రెండు రోజులు పట్టింది. అంతకన్నా పెద్ద లోపం సాఫ్ట్‌వేర్‌ది కాదు, దానికి అప్పగించిన అధికారానిది. 2021లో బార్సిలోనా ప్రజలు ఓటు ద్వారా 76 పనులను ఎంచుకున్న ప్రజా బడ్జెట్ మొత్తం 3 కోట్ల యూరోలు. ఆ నగర వార్షిక బడ్జెటేమో 300 కోట్ల యూరోలు దాటుతుంది. మాడ్రిడ్‌లో 2017లో 2 లక్షలకు పైగా జనం పాల్గొన్న ఓటింగులో ప్రజా రవాణాకంతటికీ ఒకే టికెట్టు కావాలన్న ప్రతిపాదన నెగ్గింది, కానీ టికెట్ల వ్యవహారం ప్రాంతీయ రవాణా సంస్థ చేతిలో ఉన్నందున నగరం ఒంటరిగా దానిని అమలు చేయలేకపోయింది.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. డెసిడిమ్ సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలైనది కనుక ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. హెల్సింకీ తన ప్రజా బడ్జెట్‌కు దీన్నే ఎంచుకుంది. 2021–22లో ఐరోపా సమాఖ్య భవిష్యత్తుపై జరిగిన చర్చ 24 భాషల మధ్య యంత్రానువాదంతో దీని మీదే నడిచింది. మన పురపాలక సంఘాలలో ఏదైనా దీనిని తెచ్చుకోవాలనుకుంటే అసలు ఖర్చు సర్వరుది కాదు, వేల ప్రతిపాదనలకు ఒక్కొక్కటిగా కారణంతో జవాబు రాసే సిబ్బందిది. చూడదలచినవారు బ్రౌజరు అనువాదం పెట్టుకుని, ముందుగా తిరస్కరించిన ప్రతిపాదనల పేజీలు తెరవండి.