పాత స్టీల్ 72 స్కూబా సిలిండరు: ఏళ్ల తరబడి వాడాక నా అంచనా

1960ల చివర్లో అమెరికాలో తయారైన ఒక స్టీల్ 72 సిలిండరును (నీటి అడుగున ఈదేటప్పుడు పీల్చే గాలిని నింపుకునే ఉక్కు సిలిండరు) దాని జె వాల్వుతో (గాలి తగ్గినప్పుడు హెచ్చరించే వాల్వు) సహా చాలా ఏళ్లుగా వాడుతున్నాను. ఇది నాకెంతో ఇష్టమైన సిలిండరు. నీటిలో ఒంటికి చక్కగా ఒదుగుతుంది. గాలి అయిపోవచ్చేసరికి అల్యూమినియం 80 రకం సిలిండరు మాదిరిగా మనిషిని పైకి లాగదు. అయితే ఇలాంటి పాత సరుకును పైమెరుపు చూసి కొనకూడదు, ముందుగా మెడ దగ్గరి ముద్రలు చదవాలి.

నా సిలిండరు మీద ఐసీసీ-3ఏఏ-2250 అని ఉంది. ఐసీసీ అంటే అమెరికా అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్. 3ఏఏ అనేది అది మిశ్రమ ఉక్కుతో చేసినదని, 2250 దాని పని పీడనం పీఎస్ఐలలో (చదరపు అంగుళానికి పౌండ్లలో) ఎంతో తెలుపుతాయి. 1970 ప్రాంతంలో ఐసీసీ స్థానంలో డీఓటీ (అమెరికా రవాణా శాఖ) ముద్ర వచ్చింది కనుక, తయారీ తేదీ అరిగిపోయినా వయసును ఉజ్జాయింపుగా పట్టుకోవచ్చు. కింద చెప్పబోయే పీడన పరీక్ష తేదీ పక్కన ప్లస్ గుర్తు ఉంటే 10 శాతం ఎక్కువగా, అంటే 2475 పీఎస్ఐ వరకు నింపవచ్చు. పేరులో 72 ఉన్నా అందులో పట్టేది 71.2 ఘనపుటడుగుల గాలి, అదీ ఆ పీడనం దగ్గరే. ప్లస్ లేని సిలిండరులో సుమారు 65 మాత్రమే పడుతుంది. ముద్రలు పూడిపోయేలా దట్టంగా రంగు వేసినదాన్ని, వేడిలో కాల్చి పూత పట్టించినట్లు అనుమానం కలిగినదాన్ని నేను ముట్టుకోను.

అసలు సంగతి లోపల ఉంటుంది. వాల్వు విప్పించి, మెడలోంచి సన్నని దీపం దించి చూస్తే, గోడల మీద పలుచగా పరచుకున్న ఎర్రటి పొడి కనిపించవచ్చు. అది శుభ్రం చేస్తే పోతుంది. గోడను తినేసిన గుంటలు మాత్రం పోవు. తుప్పు ఉక్కును తినడంతో ఆగక లోపలి గాలిలోని ఆక్సిజన్‌ను కూడా హరిస్తుంది కాబట్టి, తడి చేరి చాలాకాలం నిండుగా పడి ఉన్న సిలిండరు గాలిని పీల్చడం ప్రాణాపాయం. కొన్నిటికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది పొరలుగా లేచినచోట తుప్పు దాని కింద కనబడకుండా పెరుగుతుంది. అడుగున తొడిగే బూటును కూడా తీసి చూడాలి, ఉప్పునీరు నిలిచేది అక్కడే.

అమెరికా నిబంధన ప్రకారం 5 ఏళ్లకోసారి హైడ్రో పరీక్ష (నీటి పీడనంతో చేసే పరీక్ష) తప్పనిసరి. అందులో పని పీడనానికి 5/3 వంతు, అంటే ఈ సిలిండరుకైతే 3750 పీఎస్ఐ ఎక్కించి, ఆ పీడనానికి అది ఎంత సాగిందో, పీడనం తీశాక అందులో ఎంత మిగిలిపోయిందో కొలుస్తారు. మిగిలినది మొత్తం సాగుదలలో 10 శాతం దాటితే సిలిండరు పనికిరాదు. పాత అల్యూమినియం సిలిండర్లలో 6351 మిశ్రమంతో చేసినవాటికి మెడ దగ్గర పగుళ్లు వచ్చే స్వభావం ఉంది, వాటికి ఎడ్డీ కరెంటు పరీక్ష (విద్యుత్ ప్రవాహంతో లోహంలోని పగుళ్లను పట్టే పరీక్ష) విడిగా చేయాలి. అలాంటివి ఎంత చవకగా వచ్చినా నేను తీసుకోను.

ఇక జె వాల్వు. గాలి సుమారు 300 పీఎస్ఐకి తగ్గగానే శ్వాస బిగుసుకుంటుంది, వాల్వు మీటకు తగిలించిన కడ్డీని కిందికి లాగితే మిగిలిన గాలి అందుతుంది. దేనికైనా తగిలి ఆ మీట ముందే కిందికి దిగిపోతే హెచ్చరిక ఉండదు కాబట్టి పీడనం చూపే గేజి లేకుండా నేను దిగను. గాలి నింపించేటప్పుడు మాత్రం మీట కిందికే ఉండాలి, లేకుంటే సిలిండరు పూర్తిగా నిండకపోవచ్చు.