కువైట్ నుంచి కోనసీమకు డబ్బు: హవాలా మేలా, ఎక్స్ఛేంజ్ మేలా?

రాజోలు, మలికిపురం వైపు హవాలా ఇంకా నడుస్తోందంటే కారణాలున్నాయి. కువైట్‌లో ఏజెంటుకి దినార్లు ఇచ్చి, ఇంట్లో ఉన్న పది రూపాయల నోటు నంబరు చెబితే చాలు. ఇక్కడ అతని మనిషి ఆ నోటు చూసి, నంబరు సరిపోతే డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. బ్యాంకుకి వెళ్లే పని లేదు, రేటు కూడా కొన్ని పైసలు ఎక్కువే. అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) పోయిన ఆడవాళ్లను ఎక్స్ఛేంజ్ (లైసెన్సుతో డబ్బు పంపే సంస్థ) వాళ్లు రానివ్వరు కాబట్టి, వాళ్లు ఎక్కువగా ఈ దారే పడతారు.

అయినా నా ఓటు ఎక్స్ఛేంజ్‌కే. ఏజెంటు నమ్మకస్తుడే కావచ్చు, కానీ అతను ఇచ్చే డబ్బు ఎవరిదో మీకు తెలియదు. ఈమధ్య నగదు బదులు ఎవరిదో ఖాతా నుంచి ఫోన్‌పే చేస్తున్నారు. అది సైబర్ మోసం సొమ్మైతే, వేరే రాష్ట్రం పోలీసుల ఫిర్యాదుతో అమ్మగారి ఖాతా స్తంభిస్తుంది. డబ్బు ఎక్కడిదని అడిగితే చూపడానికి రసీదు ఉండదు. పైగా ఫెమా (విదేశీ మారక) చట్టం కింద, డబ్బు తీసుకున్నవాళ్లకీ ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. నగదుగానే తెచ్చిచ్చినా, ఆ డబ్బుతో కొబ్బరితోట కొనలేరు: భూమి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకుంటే అమ్మినవాళ్లకి అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

ఎక్స్ఛేంజ్‌లో ఫీజు సాధారణంగా ఒక్కోసారికి ఇంతని ఉంటుంది, అందుకే వారం వారం కాకుండా నెలకోసారి పంపండి. బోర్డు మీద రేటు చూసి ఊరుకోకుండా, “వంద దినార్లకి ఫీజు పోను ఎన్ని రూపాయలు చేరతాయి?” అని రెండు మూడు చోట్ల అడగండి.

డబ్బు వెనక్కి పోయేది ఎక్కువగా చిన్న తప్పులకే. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత పాస్‌బుక్కులో ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ (బ్యాంకు శాఖ గుర్తు) ఇస్తే కుదరదు, యూబీఐఎన్‌తో మొదలయ్యే కొత్త కోడ్ కావాలి. పాస్‌బుక్కులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే ఫారంలోనూ అలాగే రాయాలి. రెండేళ్లు కదలని ఖాతాని ముందే కేవైసీ ఇచ్చి తెరిపించుకోవాలి.

ఇంటి ఖర్చుకి అమ్మ ఖాతా సరిపోతుంది. పొదుపుకి మాత్రం మీ పేరున ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు అక్కడి సంపాదన ఇక్కడి బ్యాంకులో దాచుకునేది) పెట్టుకోండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ప్రతి రసీదునీ ఫోటో తీసి ఇంటికి పంపండి, ఆ కాగితం మీద అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి.