50 ఎంఎం లెన్స్‌తో హైదరాబాద్‌లో కొన్నేళ్లు

చార్మినార్ మొత్తం ఒకే ఫోటోలో రావాలనుకునేవాళ్లకు ఈ లెన్స్ పనికిరాదు. ముందే చెప్పేస్తే కొందరికైనా డబ్బులు మిగులుతాయి. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌ని మనలాంటి వాళ్ల దగ్గరుండే క్రాప్ సెన్సార్ (ఫోటో పడే చిప్ కాస్త చిన్నగా ఉండే) కెమెరాకి తగిలిస్తే దాని చూపు పెద్ద సెన్సార్ మీద 75 ఎంఎం లెన్స్ చూపంత ఇరుకవుతుంది. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. కెమెరాని నిలువుగా పట్టుకున్నా సుమారు 120 మీటర్ల దూరం కావాలి. గుల్జార్ హౌజ్ వైపు వెనక్కి నడుచుకుంటూ పోవాల్సిందే. ఆలోపు అడ్డొచ్చే తోపుడు బండ్లు, సెల్ఫీ బ్యాచ్‌లు సరేసరి.

అయినా నా కెమెరాకి ఎప్పుడూ ఉండేది ఇదే. కారణం రాత్రిళ్లు. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్, జూమ్ చివర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత తగ్గితే లెన్స్ లోపలి రంధ్రం, అంటే అపర్చర్, అంత పెద్దగా తెరుచుకున్నట్టు). ఇది 1.8 దాకా తెరుచుకుంటుంది, అంటే దాదాపు పది రెట్ల వెలుతురు. కిట్ లెన్స్‌కి షట్టర్ సెకనులో పదో వంతు తెరిచి ఉంచాల్సిన చోట దీనికి వందో వంతు చాలు. రంజాన్ నెలలో లాడ్ బజార్ వెళ్తే తేడా తెలుస్తుంది. గాజుల కొట్లో బల్బు కింద బేరమాడే చేతులు కూడా చెదిరిపోకుండా వస్తాయి. అక్కడ ఫ్లాష్ కొడితే లక్క గాజుల మీది రాళ్లు తెల్లగా మెరిసి రంగంతా పోతుంది, పైగా బజారంతా మనవైపే తిరుగుతుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో అయితే వెనకాల లైట్లన్నీ గుండ్రటి చుక్కలై కూర్చుంటాయి. మొదటి ఏడాది అవే తీశాను, ఇప్పుడు కొంచెం మొహం మొత్తింది.

1.8 దగ్గర ఒక టెన్షన్ ఉంది. మీటరు దూరంలో ఫోకస్‌లో ఉండేది మూడు సెంటీమీటర్ల మందమే. ఇరానీ చాయ్ కప్పు స్పష్టంగా వస్తే తాగే మనిషి మొహం రాదు, మొహం వస్తే కప్పు రాదు. అందుకే పగలు 2.8 లేదా 4 దగ్గరే ఉంచుతాను. ఎండలో తెల్లటి మినార్ అంచుల వెంట కనిపించే ఊదారంగు గీత కూడా అక్కడికి చాలావరకు తగ్గిపోతుంది.

బోనాల్లో ఇది ఒకందుకు మంచిది, ఇంకొకందుకు కాదు. బోనం ఎత్తుకున్న అమ్మ మీద మీదకి పోకుండా కాస్త దూరం నుంచే ఆమె మొహం, పైన కుండ, వేపాకులు తీయొచ్చు. వేపాకుల అంచుల దగ్గర ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ తడబడుతుంది. వెనకదంతా అది లెక్కకట్టి మసక చేస్తుంది, దీనిలో ఆ మసక లెన్స్ అద్దం నుంచే వస్తుంది. కానీ పోతరాజు ఎగురుతుంటే నా పాత లెన్స్ ఫోకస్ అందుకోలేదు, ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. కొరడా తిరిగే చోట దూరం ఉండడం ఎలాగూ మంచిదేలెండి.

జూమ్ లేదు కాబట్టి మనుషుల దగ్గరికి మనమే నడవాలి. "అన్నా, ఒక ఫోటో తీస్కోవచ్చా?" అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. "తీస్కో తమ్మీ, వాట్సాప్‌ల పంపు మరి" అంటారు. పంపాలి.

ఇంట్లో పిల్లల ఫోటోల కోసమే అయితే ఇది వద్దు, 35 ఎంఎం తీసుకోండి. మన ఫ్లాట్లలో గోడకి ఆనుకుని నిలబడినా నలుగురు ఫ్రేములో పట్టరు.

సెకండ్ హ్యాండ్‌ది కోఠి వైపు చూస్తుంటే టార్చ్ తీసుకెళ్లండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి లైటు వేసి చూడండి. వానాకాలం తేమకి బ్యాగులో మగ్గిన లెన్స్ అయితే లోపల సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్ కనిపిస్తుంది. కొంచెమే ఉందన్నా, ధర తగ్గిస్తానన్నా వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే మాత్రం ఫోటోలో తేడా రాదు, అవి చూపించి బేరమాడుకోవచ్చు.