స్ట్రోబోస్కోపీ, ఈజీజీ, హైస్పీడ్ కెమెరా: గొంతుకు ఏది మేలు?

తిరుపతిలో స్వరచికిత్స చేసే నన్ను ఈ మధ్య ఉపాధ్యాయులు, సంకీర్తనలు పాడేవారు, వారిని మా దగ్గరకు పంపే యువ వైద్యులు కూడా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. స్వరతంత్రుల కంపనాన్ని కొలవడానికి స్ట్రోబోస్కోపీ చేయించాలా, ఈజీజీ (ఎలక్ట్రోగ్లాటోగ్రఫీ) చాలునా, హైస్పీడ్ కెమెరా ఉన్న చోటికి వెళ్లాలా? నేను మాత్రం పరికరం గురించి ఆలోచించే ముందు ఆ గొంతు ఎంత క్రమంగా కంపిస్తోందో వింటాను.

మాట్లాడేటప్పుడు మగవారి స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారివి 200కు అటూ ఇటూగా కలిసి విడిపోతాయి. ఆ వేగం కంటికి అందదు కనుక స్ట్రోబోస్కోపీలో వెలుగును మెరుపులుగా వేస్తారు. గొంతు 200 సార్లు కంపిస్తుంటే వెలుగు 198.5 సార్లు మెరుస్తుంది. ప్రతి మెరుపూ తర్వాతి కంపనంలో కాస్త ముందుకు జరిగిన స్థితిని చూపుతుంది కాబట్టి, తెర మీద తంత్రులు సెకనుకు ఒకటిన్నర సార్లు మాత్రమే కదులుతున్నట్టు కనిపిస్తాయి. అంటే అక్కడ మనం చూసే ఒక్క కంపనం వందకు పైగా కంపనాల మీదుగా ఏరి కూర్చినది. అవన్నీ ఒకేలా ఉన్నంతవరకే ఆ కూర్పును నమ్మవచ్చు.

చిత్తూరు మామిడి మండీలో వేలం పాడే ఒకాయన సీజన్ ముగిశాక పూర్తిగా బొంగురుపోయిన గొంతుతో వచ్చారు. పరికరం ఆయన స్వరస్థాయిని పట్టుకోలేక తడబడింది. తెర మీద తంత్రులు ఎగిరాయి, వణికాయి, ఒకసారి ఎడమది కదలకుండా నిలిచిపోయినట్టు కూడా కనిపించింది. అది బిగుసుకుపోయిందని రాయబోయి కలం ఆపాను. అక్కడ తప్పింది మెరుపుల లెక్క. ఆయన్ను హైస్పీడ్ కెమెరా పరీక్షకు పంపితే, రెండు తంత్రులూ కదులుతూనే ఉన్నాయనీ, కాని దేని లెక్క దానిదిగా కదులుతున్నాయనీ తేలింది. సెకనుకు 4000 చిత్రాలు తీసే కెమెరా ప్రతి కంపనాన్నీ విడిగా పట్టుకుంటుంది. అయితే ఆ ఒక్క సెకనును సెకనుకు 25 చిత్రాల చొప్పున చూడడానికి 2 నిమిషాల 40 సెకన్లు కూర్చోవాలి. అంత ఓపిక, అంత ఖర్చు అందరి గొంతుకూ అక్కర లేదు.

ఈజీజీ దారి వేరు. 1957లో ఫాబ్ర్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రతిపాదించిన ఈ పద్ధతిలో గొంతుకు రెండు వైపులా ఎలక్ట్రోడ్లు ఆనించి, మనిషికి తెలియనంత బలహీనమైన విద్యుత్తును పంపుతారు. తంత్రులు తాకినప్పుడు అది సులువుగా దాటుతుంది, విడిపోయినప్పుడు తగ్గుతుంది. దీని సుగుణం నాకు ఒక హరికథ కళాకారిణి దగ్గర బాగా తెలిసింది. స్ట్రోబోస్కోపీకి గాజుగుడ్డతో నాలుకను ముందుకు లాగి పట్టుకుని "ఈ" అనమంటే ఆమె నవ్వి, "నాలుక ఇట్ల పట్టుకుంటే పల్లవి ఎట్ల పాడేది సార్?" అన్నారు. ముక్కులోంచి సన్నని గొట్టం వేస్తే పాడవచ్చు గాని, ఈజీజీకి ఆ ఇబ్బందీ లేదు. పల్లవి నుంచి చరణం దాకా హాయిగా పాడారు. కాని తంత్రులు ఎంత మేర తాకాయో చెప్పే ఈజీజీ, ఎక్కడ తాకాయో చెప్పదు. నడుమ కఫం దారంలా వేలాడినా స్పర్శగానే లెక్క వేస్తుంది. మెడలో కొవ్వు ఎక్కువైతే సంకేతం మసకబారుతుంది.

అందుకే క్రమంగా కంపించే గొంతుకు నా మొగ్గు స్ట్రోబోస్కోపీ వైపే. తంత్రి మీది మెత్తని పొర లోపలి కండరం మీద అలలా జారుతుందని 1974లో జపాను వైద్యుడు హిరానో వివరించారు. ఆ అల ఎక్కడ ఆగిందో అక్కడ మచ్చో, గట్టిపడిన గడ్డో ఉందేమోనని అనుమానించాలి. రోజంతా తరగతిలో అరిచే ఉపాధ్యాయుల్లో తరచూ కనిపించే నాడ్యూల్స్ (తంత్రుల అంచున లేచే చిన్న బొడిపెలు) అయితే తంత్రుల మధ్య సందు డమరుకం ఆకారంలో మిగులుతుంది. ఇవి ఈజీజీ గీసే గీతలో దొరకవు, కంటితో చూడాలి.

తంత్రులకు అడ్డంగా ఒక్క గీతను మాత్రమే అతివేగంగా చిత్రించే వీడియోకైమోగ్రఫీ మంచిదే గాని ఆ ఒక్క అడ్డగీత దగ్గరి కదలికనే చూపుతుంది. జిట్టర్ (కంపనానికీ కంపనానికీ వ్యవధిలో తేడా), షిమ్మర్ (వాటి బలంలో తేడా) అంకెలిచ్చే ఫోను యాప్‌లను బొంగురు గొంతు విషయంలో పట్టించుకోవద్దు, ఎందుకంటే గొంతు గతి తప్పినప్పుడే ఆ అంకెలూ తప్పుతాయి. బొంగురు నాలుగు వారాలు దాటితే ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఈఎన్‌టీ వైద్యుడికి స్వరపేటికను చూపించుకోవాలి.

హరికథ పాడే ఆమెకు మొదట నాలుక పట్టుకునే స్ట్రోబోస్కోపీయే చేశాం. ఇప్పుడు చికిత్సకు వచ్చినప్పుడల్లా ఈజీజీ మాత్రమే పెడుతున్నాను. గాజుగుడ్డతో మళ్లీ పని మూడు నెలల తర్వాతే.